పదహారు వందల ఏళ్ళ ఎంగిలి

నమోదు 1. సోమవారం

సెనీసా పురాతన గ్రామ పరిరక్షణ కేంద్రం నియమాల ప్రకారం, ఇక్కడ పనిచేసే ప్రతి సహాయ సంరక్షకుడూ తన మాతృభాషలో దినచర్య నమోదు చెయ్యాలి. దాన్ని ఎవరూ చదవరు. ఈ సంగతి కూడా నియమాల్లోనే స్పష్టంగా రాసి ఉంది. ఎవరూ చదవనిదాన్ని శ్రద్ధగా రాయడంలో నాకు మంచి అనుభవం ఉంది. తేలే కళాశాలలో డిగ్రీ పూర్తయ్యేదాకా నేను చేసింది అదే.

పేరు శ్రీచరణ్. పట్టా పురావస్తు నిర్వహణలో, ద్వితీయ శ్రేణి. పడవ ఊగడం వల్ల ద్వితీయ శ్రేణి వచ్చిందని ఇంట్లో చెప్పి ఉన్నాను, ఎవరైనా అడిగితే ఇక్కడా అదే చెబుతాను. సముద్రం గోదావరి డెల్టాని తనలో కలిపేసుకున్నాక, పడవల్లో మిగిలిన మావాళ్ళకి దేశాలన్నీ తలా కాస్త నేల పంచిపెట్టాయి. మా పడవ వంతుకి మధ్య అమెరికాలో ఒక అగ్నిపర్వతం వాలు వచ్చింది. దానికి కొత్త ముమ్మిడివరం అని పేరు పెట్టుకున్నాం. సముద్రం నుంచి తప్పించుకున్నవాళ్ళకి నిప్పు కొండ పక్కన చోటిచ్చిన అధికారి ఎవరో గాని, ఆయన హాస్యం నాకు నచ్చింది.

మా కాలనీకి కంచె అవతలే సెనీసా. మాయన్ల ఊరు. పదహారు వందల ఏళ్ళ కిందట ఒక సాయంత్రం, జనం అన్నాలకి కూర్చున్న వేళ, ఆ కొండ పేలింది. ఊరంతా పరిగెత్తింది. వెనక నుంచి బూడిద వచ్చి ఊరిని ఉన్నదున్నట్టు కప్పేసింది. రాజుల కోటలూ బంగారు ముసుగులూ ఇక్కడ దొరకలేదు. దొరికినవి మట్టిగోడల ఇళ్ళు, చిక్కుడుగింజల కుండలు, చూరుకి వేలాడే మిరపకాయల దండలు, ఒక ఆవిరి స్నానాల గది. మామూలు జనం మామూలుగా బతికిన ఊరు. ఇప్పుడు దాని మీద పెద్ద అద్దాల గుడారం ఉంది. నేను అందులో తుడుస్తుంటాను.

తుడవడానికి ముందు, వదిలిన గాలిని పీల్చేసుకునే ఊపిరిసంచీ మెడలో తగిలించుకోవాలి. మనిషి ఊపిరిలో ఉన్న తడి ఆ గోడలకి పడదు, అందుకని మనం వదిలిన గాలిని మనమే మూటగట్టుకుని గేటు బయటికి తెచ్చి పారబోసుకోవాలి. సందర్శకులకి ఆ బాధ లేదు. వాళ్ళు రారు, కళ్ళు పంపిస్తారు. నిమ్మకాయంత కన్ను ఒకటి గాలిలో ఈదుకుంటూ వస్తుంది, దాని యజమాని ఎక్కడో పరుపు మీద పడుకుని ఊరు చూస్తాడు. కళ్ళకి చేతులుండవు గనుక ఊరికి ఏ ప్రమాదమూ లేదని పెద్దల నమ్మకం. కాపలాకి కావలి అనే యంత్రం ఉంది. అది రోజూ తెల్లారగానే ప్రతి వస్తువూ తన చోట ఉందో లేదో చూసుకుని పచ్చదీపం వెలిగించి, "ఊరు నిన్నటిలాగే ఉంది" అని ప్రకటిస్తుంది. ఎప్పుడో పాడుపడిన ఊరు నిన్నటిలాగే ఉందని రోజూ వింటుంటే ఎంతో ధైర్యంగా ఉంటుంది.

ఇంకొక్క మాట. ఇక్కడ అందరి చెవుల్లోనూ చెవిబిళ్ళలుంటాయి. ఎదుటివాళ్ళు ఏ భాషలో మాట్లాడినా మనకి మన భాషలో వినిపిస్తుంది. ఆ బిళ్ళకి తెలుగు నేర్పినవాళ్ళు మా పడవలో వినబడిన మాటల్నే పట్టుకున్నారు. అందుచేత ఈ భూగోళం మీద నాతో మాట్లాడే ప్రతి మనిషీ కోనసీమ యాసలోనే మాట్లాడతాడు. ఊళ్ళో పరిశోధనలకి పెద్ద అయిన ప్రొఫెసర్ లెముస్ తొలిరోజు నన్ను ఎగాదిగా చూసి, గంభీరంగా, "ఆయ్, తవఁరేనాండీ కొత్తగా చేరిందీ?" అన్నారు. అప్పటినుంచీ ఆయనంటే భయం పోయింది. భక్తి రాలేదు.

నమోదు 2. బుధవారం

మా మాణిక్యం పెద్దమ్మ ఇవాళ పడవ దిగింది. అమ్మకి అక్క. కాలనీలోకి ఆవిడ వంతు ఇప్పటికి వచ్చింది. నన్ను పెంచింది ఈవిడే. ఇన్నేళ్ళూ పడవ వంటశాలలో గరిటె పట్టుకుని నిలబడిన మనిషి, నేల మీద కాలు పెట్టగానే వంగి గుప్పెడు మట్టి తీసి వాసన చూసింది.

"ఉప్పు లేదురా!" అంది, ఏదో కొత్త కూర రుచి చూసినట్టు.

ఆవిడకి ఇచ్చింది పరీక్షా నివాసం. కొన్ని నెలలపాటు ఏ తప్పూ చెయ్యకపోతే రేకుల గదీ, దాని ముందున్న జానెడు నేలా శాశ్వతంగా ఆవిడవే. తప్పు చేస్తే వారానికోసారి వెళ్ళే తిరుగు పడవలో మళ్ళీ తేలే శిబిరానికి. ఒకసారి వెనక్కి వెళ్ళినవాళ్ళని మళ్ళీ ఏ దేశమూ తీసుకోదు. కాలనీ అధికారి తప్పులన్నీ వరసగా చదివి వినిపించాడు. వాటిలో మొదటిది, వారసత్వ సంపదకి హాని.

"వాళ్ళ సంపదతో నాకేం పనండీ?" అంది పెద్దమ్మ. "నా గుమ్మం ముందు ఇంత గోంగూర మొలిస్తే చాలు."

సాయంత్రానికి గోంగూర విత్తనాలు నాటేసింది. పైటకొంగులో ముడేసుకుని అన్ని సముద్రాలు దాటించిందట. కాలనీ అధికారి పెట్టెలు మాత్రమే సోదా చేశాడు.

నమోదు 3. శుక్రవారం

సంరక్షకులు తమ బంధువుల్లో ఒకరిని కాలినడకన ఊళ్ళోకి తీసుకెళ్ళవచ్చని పాత నియమం ఒకటి ఉంది. ఎవరూ వాడుకోలేదు. నేను వాడుకున్నాను. నా సంకల్పం మంచిదే అని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

పెద్దమ్మకి ఊపిరిసంచీ తగిలించాను. "చెప్పులెక్కడ విప్పాలి?" అని అడిగింది. అక్కర్లేదన్నాను. విప్పేసింది. మూడో ఇంటి వంటగదిలోకి అడుగు పెట్టగానే ఎప్పటినుంచో తెలిసిన ఇంటికి వచ్చినట్టు నడుం మీద చెయ్యి పెట్టుకుని నాలుగు వైపులా చూసింది.

"మూడు రాళ్ళ పొయ్యి! మా అమ్మదీ ఇలాంటిదే. మిరపకాయల దండ ఎంత పొందిగ్గా గుచ్చిందో చూడు. పనిమంతురాలు. ఈ ఇంటావిడ పేరేవిట్రా?"

"ఎవరికీ తెలీదు పెద్దమ్మా."

"అంత చదువుకుని పేరు కనుక్కోలేకపోయారా? సరే, వదినగారు అందాం." అని గిర్రున తిరిగి, అరుగు మీదున్న గిన్నె దగ్గర ఆగిపోయింది. "ఇదేవిటిది?"

నేను గొంతు సవరించుకున్నాను. రోజూ కళ్ళకి చెప్పే పాఠమే. "దీన్ని చివరి ముద్ద అంటారు. సెనీసాలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన వస్తువు ఇదే. లోపల ఎండిపోయింది మొక్కజొన్న జావ. అందులో మూడు వేళ్ళ చారలు కనిపిస్తున్నాయా? ఎవరో తింటూ తింటూ, కొండ పేలిన చప్పుడు విని, సగంలో లేచి పరిగెత్తారు. ప్రొఫెసర్ లెముస్ గారు తన జీవితమంతా ఈ మూడు వేళ్ళ మీదే..."

"ఎంగిలి గిన్నె."

"పెద్దమ్మా, అలా అనకూడదు. ఇది మానవజాతి మొత్తానికి..."

"మానవజాతిదైతే మాత్రం ఎంగిలి ఎంగిలి కాదా?"

సరిగ్గా అప్పుడే ఎక్కడి నుంచో వచ్చిన కన్ను ఒకటి పక్కింటి చూరు గడ్డిలో ఇరుక్కుని కీచుమంటూ గింజుకోసాగింది. దాన్ని విడిపించడానికి వెళ్ళాను. దాని యజమాని నాకు కృతజ్ఞతలు చెప్పి, వాళ్ళ ఊళ్ళో వాతావరణం చెప్పి, ఇక్కడి వాతావరణం అడిగేసరికి కొంచెం ఆలస్యమైంది.

తిరిగొచ్చేసరికి పెద్దమ్మ పెరట్లో గొంతుక్కూర్చుని ఉంది. ఒక చేతిలో ఎండు గడ్డి. ఇంకో చేతిలో మానవజాతి వారసత్వం. పక్కన తన నీళ్ళ సీసా. ఆవిడ తలెత్తకుండానే అంది:

"చుట్టూ ఇంత బూడిద పెట్టుకుని, ఇన్నేళ్ళల్లో ఒక్కళ్ళకి గిన్నె తోమే బుద్ధి పుట్టలేదంట్రా?"

తర్వాత దాన్ని ఆఖరి గుక్కెడు నీళ్ళతో తొలిచి, కొంగుతో తుడిచి, వంటగదిలో ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది. గిన్నె తళతళలాడిపోతోంది. దానికి అంత చక్కటి ఎర్రరంగు ఉందని మా శాఖలో ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

"ఇప్పుడు బాగుంది వదినగారి ఇల్లు," అంది పెద్దమ్మ.

నమోదు 4. శనివారం

తెల్లవారింది. కావలి పచ్చదీపం వెలిగించి, ఊరు నిన్నటిలాగే ఉందంది. గిన్నె ఉందా, ఉంది. తన చోటులో ఉందా, ఉంది. అంతవరకే దాని బాధ్యత. యంత్రాలకి ఎంగిలి ఏదో, తోమింది ఏదో తేడా తెలియదన్న విషయం ఒక పరిశోధనా పత్రంగా రాయవచ్చు గాని, ఆధారం చూపించలేను.

ఇట్సెల్‌కి చెప్పక తప్పలేదు. ఇట్సెల్ నా తోటి సంరక్షకురాలు, ఆ కొండ కిందే పుట్టిన పిల్ల. ఈ ఊరు ఆవిడ వంశంవాళ్ళదే. గిన్నె చూపించగానే మొదట పడీ పడీ నవ్వింది. తర్వాత నవ్వాపి అరుగు మీద కూలబడింది.

"ఒరేయ్ చరణ్, మీ పెద్దమ్మ మా ముత్తాతల ముత్తాత వేళ్ళు కడిగేసిందిరా."

"ముత్తాతో, ముత్తవ్వో. ఇంకా తేలలేదు."

"ఇంకేం తేలుతుంది, నీ మొహం! ప్రొఫెసర్ గారికి తెలిస్తే వచ్చే పడవకే ఎక్కించేస్తారు."

నేను ఆలోచించిన ఉపాయం విద్యావంతుడికి తగినట్టే ఉంది. మళ్ళీ జావ కాచి, గిన్నెకి పూసి, మూడు వేళ్ళతో గీసి, ఆరబెట్టడం. ఇట్సెల్ నెత్తి కొట్టుకుని, వెళ్ళి మొక్కజొన్న పిండి తెచ్చింది. నేను కాలనీ వంటశాలలో జావ కాచాను. దాన్ని మూడో ఇంటికి తెచ్చి, గిన్నెకి పూసి, ప్రొఫెసర్ గారి పుస్తకం ముందు పెట్టుకుని, బొమ్మలో ఉన్నట్టే మూడు వేళ్ళతో గీశాను.

"ఛ, ఇది కాదు," అంది ఇట్సెల్. "పెళ్ళిభోజనంలో పాయసం నాకుతున్నట్టుంది. నీ వేళ్ళల్లో భయం లేదురా. కొండ పేలిందనుకో."

ఎంత అనుకున్నా కొండ పేలలేదు. అలికేసి మళ్ళీ గీశాను. మళ్ళీ పాయసమే.

"పోనీ, మీ పెద్దమ్మ పడవెక్కేస్తోందనుకో."

ఈసారి చారలు సరిగ్గా వచ్చాయి. గిన్నెని అరుగు మీద దాని చోట పెట్టేసి వచ్చేశాం.

నమోదు 5. మంగళవారం

తెల్లవారుజామున ఎర్రదీపం వెలిగింది. నేను ఉద్యోగంలో చేరాక ఆ దీపం చూడటం ఇదే మొదలు. కావలి గంట మోగించి ప్రకటించింది:

"ఊరి జనాభా పెరిగింది."

ఇట్సెలూ నేనూ పరిగెత్తాం. గేటు కింది సందులోంచి మూడో ఇంటి వంటగది దాకా చీమలు బారులు తీరి ఉన్నాయి. క్రమశిక్షణగా, కుడివైపు వెళ్ళేవి వెళ్తున్నాయి, ఎడమవైపు వచ్చేవి వస్తున్నాయి. బూడిద కప్పిన సాయంత్రం తర్వాత ఈ ఊళ్ళో కాపురం పెట్టిన మొదటి ప్రాణులు ఇవే. వాటి రాజధాని చివరి ముద్ద గిన్నె.

ఇట్సెల్ వేలితో కొంచెం జావ గీకి నాలిక మీద పెట్టుకుంది. నా వంక చూసిన చూపు ఇక్కడ నమోదు చెయ్యలేను.

"బెల్లం వేశావా?"

వేశాను. ఎవరూ వెయ్యమనలేదు, వెయ్యాలని అనుకోనూ లేదు. జావ ఉడుకుతుంటే చెయ్యి దానంతటదే బెల్లం డబ్బా మీదికి వెళ్ళింది. మా ఇంట్లో జావ కాచి బెల్లం వెయ్యని మనిషి ఇంతవరకూ పుట్టలేదు. మాయన్లకి చెరకు తెలియదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, చెయ్యికి ఆ సంగతి చెప్పడం మర్చిపోయాను.

ఎర్రదీపం వెలిగితే కబురు సూటిగా ప్రొఫెసర్ గారికే వెళ్తుంది. రేపు మధ్యాహ్నానికి వస్తున్నారు.

పెద్దమ్మకి ఇదేమీ చెప్పలేదు. సాయంత్రం వెళ్తే గోంగూర రెండాకులేసిందని చూపించింది. మడి పక్కన కూర్చుని వాటికి చేత్తో నీడ పడుతోంది.

నమోదు 6. బుధవారం

ప్రొఫెసర్ లెముస్ గారు వంటగదిలో మోకాళ్ళ మీద కూర్చుని గిన్నె వైపు చాలాసేపు చూశారు. ముట్టుకోలేదు. ఆయనకి ఆ వేళ్ళు కంఠతా వచ్చు. చూపుడువేలి చార చివర ఎక్కడ వంపు తిరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు.

"ఈ వేళ్ళు కాదండి," అన్నారు మెల్లగా. వంగి వాసన చూశారు. "ఇదేవిటండీ, తియ్యగా?"

"సార్, తప్పు నాదే," అన్నాను. "దుమ్ము దులుపుతుంటే చెయ్యి తగిలి..."

"వాడు కాదండి బాబూ!"

వంటగదికి ఎదురుగానే ఉన్న గేటు దగ్గర పెద్దమ్మ. నా మధ్యాహ్నం భోజనం క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఎంతసేపటి నుంచి వింటోందో.

"ఆ గిన్నె తోమింది నేనేనండి. వాడు నన్ను కాయాలని చూస్తన్నాడు, వెర్రివెధవ."

ప్రొఫెసర్ గారు లేచి గేటు దాకా వెళ్ళారు. ఆవిణ్ణి కొడతారేమో అనిపించింది. కానీ అడిగింది ఒక్కటే. "ఎందుకమ్మా?"

"ఎంగిలి గిన్నె కదండీ. ఎవరో ఒకళ్ళు తోమాలి కదా."

ఆయన అక్కడే గట్టు మీద కూర్చుండిపోయారు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు, తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. "నేను కుర్రాడిగా వచ్చేనండి ఇక్కడికి. ఆ వేళ్ళు ఎవరివో, బతికి బయటపడ్డారో లేదో తెలుసుకుందావని. రోజూ వాళ్ళని పలకరించేవాణ్ణండి. ఇప్పుడెవరిని పలకరించాలండీ?"

నాకు ఏదో ఒక హాస్యం తట్టాలి. తట్టలేదు.

పెద్దమ్మ క్యారేజీ విప్పి, నా మజ్జిగ గ్లాసులో పోసి ఆయనకిచ్చింది. "తాగండి బాబూ, ఎండన పడి వచ్చేరు." ఆయన తాగారు. గ్లాసు ఆవిడ చేతికిచ్చి, బాగుందని చెప్పి, ఫిర్యాదు దాఖలు చేశారు.

నమోదు 7. గురువారం

ఊరు ప్రభుత్వానిది కాదు, ప్రొఫెసర్ గారిదీ కాదు. వారసుల సభది. ఆ కొండ కింద బతుకుతున్న మాయన్ కుటుంబాల పెద్దలు అందులో ఉంటారు. శిక్ష వాళ్ళే వెయ్యాలి. ఇట్సెల్ నాయనమ్మ దోన్యా ఫిలొమేనా సభకి పెద్ద. పొట్టిగా, రోట్లో రోకలి నిలబెట్టినట్టు కదలకుండా కూర్చునే మనిషి. గేటు బయట రేకుల చావిట్లో బల్లలు వేశారు. కాలనీ అధికారి నియమం చదివాడు. శనివారం పడవలో ఒక చోటు ఖాళీగా ఉంచామని కూడా, ఎవరూ అడగకుండానే, చెప్పాడు.

ఫిలొమేనా మామ్మగారు పెద్దమ్మ వైపు తిరిగారు. "మా గిన్నెతో నీకేం పనొచ్చిందమ్మా?"

పెద్దమ్మకి నేను నేర్పించిన జవాబు ఒకటుంది. సాంస్కృతిక భేదాల వల్ల జరిగిన దురదృష్టకర సంఘటన, చింతిస్తున్నాను, అని. రాత్రంతా వల్లెవేయించాను. ఆవిడ దాన్ని పూర్తిగా వదిలేసింది.

"మా ఊళ్ళో గట్టు తెగిన రోజు మేం కూడా అన్నాలకే కూర్చున్నావండి. ఆనపకాయ పులుసు. మా ఆయన రెండోసారి వడ్డించుకుంటన్నాడు. వీడు ఇంతుండేవోడు, వీడికి నేను కలిపి పెడుతున్నాను. లేవండి లేవండని ఎవరో కేకేసేరు. కంచాలు ఎక్కడివక్కడ వదిలేసి పడవెక్కేవండి. ఇన్నేళ్ళయిపోయింది. ఇల్లు పోయిందంటే పోయింది. కానీ ఆ కంచాలు నీళ్ళ కిందున్నా నాకు తోమని కంచాలేనండి." ఆగి, కొంగు సర్దుకుంది. "మీ ఇంట్లో ఆ గిన్నె చూసేను. ఆ వదినగారికి తోమే టైమివ్వలేదు కదా కొండ. పైగా ఊరూరి నుంచీ కళ్ళొచ్చి ఆవిడ ఎంగిలి గిన్నె చూసి పోతన్నాయి. ఏ ఇల్లాలు ఊరుకుంటుందండీ? ఆవిడ లేదు గనక నేను తోమేను. అంతే."

నేను ఆ పులుసు ముద్ద తిన్నానట. నాకు జ్ఞాపకం లేదు.

పెద్దలు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. చెవిబిళ్ళ గుసగుసల్ని తెలుగు చెయ్యదు. చివరికి ఫిలొమేనా మామ్మగారు తలెత్తారు.

"నీ మనసు మంచిదేనమ్మా. పని మాత్రం తప్పే. ఆ గిన్నె కడిగేస్తే మావాళ్ళు కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, తాపీగా వెళ్ళిపోయినట్టుంటుంది. వాళ్ళు అలా వెళ్ళలేదు. పరిగెత్తేరు. ఆ మాట చెప్పడానికి మాకు మిగిలింది ఆ ఎంగిలొక్కటే."

పెద్దమ్మ తల దించుకుంది. నేను పడవలో ఖాళీ చోటు గురించి ఆలోచిస్తున్నాను.

"కాబట్టి నువ్వే దాన్ని మళ్ళీ ఎంగిలి చెయ్యాలి. మా ఎదురుగా, మా జావతో. ఈ కుర్రాడి పాయసం కాదు."

ప్రొఫెసర్ గారు లేచారు. "అమ్మా, అవి ఆనాటి వేళ్ళు కావండి. ఈవిడవి..."

"ఈవిడ అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తిన మనిషి. మన దగ్గర ఇంకెవరివున్నాయి అలాంటి వేళ్ళు? మీవా?"

ఆయన తన చేతుల వంక చూసుకుని కూర్చున్నారు. నా వేళ్ళకి ఎలాగూ అర్హత లేదని ముందే తేలింది.

"ఇంకోటుంది," అన్నారు మామ్మగారు. "రేపటి నుంచి ఆ వంటగది తలుపు తియ్యడం, సాయంత్రం వెయ్యడం నీ పని. రోజూ ఆ గిన్నె పక్కన కూర్చోవాలి. ఒక్కసారి తోమేవంటే మాత్రం పడవే."

అధికారి ఇది శిక్షలా లేదని అభ్యంతరం చెప్పాడు. ఆయన పెద్దమ్మ మొహం చూడలేదు. నేను చూశాను. ఎంగిలి గిన్నె పక్కన రోజంతా చేతులు ముడుచుకుని కూర్చోవడమనే ఆలోచనకే ఆవిడ మొహం పాలిపోయింది.

"తిరుగు పడవలో ఎన్నాళ్ళు పడుతుందిరా?" అని అడిగింది నన్ను, నిజంగానే ఆలోచిస్తున్నట్టు. తర్వాత కంచె అవతల తన మడి వైపు చూసింది. "సరేనండి. చేస్తాను."

నమోదు 8. శుక్రవారం

చీమల్ని బయటికి పంపించాం. నా జావ గీకేశాం. ఫిలొమేనా మామ్మగారు మొక్కజొన్న జావ స్వయంగా కాచి తెచ్చి గిన్నెలో పోశారు. పెద్దమ్మ మూడు రాళ్ళ పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మేమంతా ఊపిరిసంచీలతో గోడవారన నిలబడ్డాం. అందరి చేతుల్లోనూ కాఫీ కప్పులున్నాయి. పెద్దలు దూరం నుంచి వచ్చారు గనుక గేటు దగ్గర ఇట్సెల్ కాఫీలిచ్చింది. వాటిని మూతలు పెట్టి పట్టుకున్నాం.

ఇక్కడ మరో చిక్కు వచ్చింది. పెద్దమ్మ తినేసింది. మొత్తం. గిన్నె గోడలకి అంటుకున్నది కూడా వేలితో గుండ్రంగా ఊడ్చి తినేసింది. చారలు కాదు కదా, జావ ఉండేదన్న గుర్తు కూడా లేదు.

"కాస్త వదలాలండమ్మా," అన్నారు ప్రొఫెసర్ గారు దీనంగా.

"వదిలేదేవిటండీ? తినే తిండిని పారేస్తామాండీ? మా ఇంటా వంటా లేదు."

రెండోసారి పోశారు. రెండోసారీ అంతే. ప్రొఫెసర్ గారు చరిత్ర కోసం ఒక్క ముద్ద వదలమని బతిమాలారు. "చరిత్రకి కావాలంటే వేరే గిన్నెలో పెట్టండి, అది తింటుంది," అంది పెద్దమ్మ. ఇట్సెల్ గోడవైపు తిరిగి నవ్వాపుకుంటోంది. కాలనీ అధికారి తీర్పు అమలు కాలేదని రాసుకోవడానికి సిద్ధమవుతున్నాడు. అది రాసుకుంటే రేపు శనివారం పడవే. నాకు నవ్వు రాలేదు.

మూడోసారి పోశారు. పెద్దమ్మ నెమ్మదిగా మూడు వేళ్ళు ముంచింది. నోటి దాకా తెచ్చింది. మళ్ళీ ముంచింది.

ఫిలొమేనా మామ్మగారు ఒక్కసారిగా చేత్తో అరుగు మీద చరిచి, గుండె అదిరేలా కేకేశారు.

"లేవండి! లేవండి!"

పెద్దమ్మ లేచింది. ఎవరూ లేవలేనంత వేగంగా లేచింది. ఎడం చెయ్యి చటుక్కున పక్కకి చాచి అక్కడ లేని ఎవరి రెక్కో పట్టుకుని ద్వారం దాటేసింది. పెరట్లో సగం దూరం పరిగెత్తాక ఆగింది.

గిన్నెలో మూడు చారలున్నాయి. చూపుడువేలిది చివర్లో వంపు తిరిగి అంచు దాకా పోయింది. ప్రొఫెసర్ గారు మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని చూసి, "ఏవండీ, బాగున్నారా?" అని పలకరించారు. అధికారి కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

నేను పెరట్లోకి వెళ్ళాను. పెద్దమ్మ రొప్పుతోంది. ఊపిరిసంచీ బెలూన్‌లా ఉబ్బింది. చాచిన ఎడం చెయ్యి ఇంకా అలాగే ఉంది. దాని కింద నిలబడి, నా రెక్క అందించాను. గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్ళు పడ్డచోట ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

కాసేపటికి వెనక్కి తిరిగి ద్వారంలోంచి గిన్నెని చూసింది. ఎంగిలి గిన్నె. తనదే. నాలుగడుగుల దూరం. చుట్టూ బోలెడంత బూడిద. ఆవిడ చేతివేళ్ళు ఒకదాన్నొకటి రుద్దుకోవడం చూసి ఇట్సెల్ కూడా ఊపిరి బిగబట్టింది. పెద్దమ్మ ఒకడుగు ముందుకి వేసింది. ఆగింది. వంటగది తలుపు పట్టుకుని, జాగ్రత్తగా దగ్గరికి వేసింది.

తర్వాత గేటు బయటికి నడిచి, కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, మా వంక చెయ్యి చాచింది. ఇట్సెల్ కప్పు లాక్కుంది. మామ్మగారిది లాక్కుంది. నాది, అధికారిది, పెద్దలందరివీ లాక్కుని వరసగా తోమడం మొదలెట్టింది. ప్రొఫెసర్ గారి కప్పులో ఇంకా సగం కాఫీ ఉంది. ఆయన ఆ మాట అనబోయి, ఆవిడ మొహం చూసి, కప్పు ఇచ్చేశారు.